'ఐ' మీద చుక్క ఎవరు పెడతారు? ఒహాయో స్టేట్ మార్చింగ్ బ్యాండ్ కథ

[దృశ్యం: పైనుంచి ఫుట్‌బాల్ మైదానం. బ్యాండు ఒకే వరసలో నడుస్తోంది.]

వాయిస్: అమెరికాలో కొలంబస్ నగరం, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ స్టేడియం ఇది. మైదానం మీద ఇంగ్లిష్ కలిపిరాతలో 'ఒహాయో' అన్న పదం మెల్లగా తయారవుతోంది చూడండి. దీన్ని 'స్క్రిప్ట్ ఒహాయో' అంటారు. బ్యాండుకి దారి చూపించే డ్రమ్ మేజర్ ముందు నడుస్తుంటే, మిగతావాళ్లంతా వాయిస్తూ ఆ అడుగుల్లోనే అడుగేస్తారు.

[దృశ్యం: రెండు వరసలు ఒకదాన్నొకటి దాటుతున్న చోటు, దగ్గర్నుంచి.]

గీత మెలికలు తిరిగిన చోట రెండు వరసలు ఎదురవుతాయి. అక్కడ ఒకరి సందులోంచి ఒకరు దాటాలి. పాట ఆగకూడదు, భుజం తగలకూడదు. అంతా అయ్యాక 'ఐ' మీద చుక్క ఒక్కటే మిగులుతుంది. అప్పుడు డ్రమ్ మేజర్‌తో పాటు సూసాఫోన్ వాయించే విద్యార్థి ఒకరు బయటికొస్తారు. ఒంటి చుట్టూ చుట్టుకుని, తలపైన పెద్ద గరాటాలా తెరుచుకునే ఇత్తడి బాకా అది. చుక్క దగ్గర ఆగి, కాలు ఎత్తి విసిరి, తిరిగి, రెండు వైపుల జనానికీ వంగి నమస్కరిస్తారు. లక్షమంది పట్టే స్టేడియం హోరెత్తిపోతుంది.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటోలు.]

ఈ బ్యాండు 1878లో, మిలిటరీ శిక్షణ తీసుకునే క్యాడెట్ల డ్రిల్లు కోసం పుట్టింది. అప్పుడు ఉన్నవి చిన్న పిల్లనగ్రోవులు, డ్రమ్ములే. 1934లో డైరెక్టర్ యూజీన్ వైగెల్ ఫ్లూట్లు, క్లారినెట్లు, శాక్సోఫోన్లు అన్నీ తీసేశారు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు మాత్రమే మిగిలాయి. మన పెళ్లి ఊరేగింపు బ్యాండులోంచి క్లారినెట్ తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అంత పెద్ద మార్పు! కానీ ఆరుబయట, అంత జనంలో వినపడాలంటే ఇత్తడికి సాటి లేదు. వైగెల్ చేసింది సరైన పనే అని నా నమ్మకం.

స్క్రిప్ట్ ఒహాయో మొదటిసారి చేసింది 1936 అక్టోబర్ 10న. ఆరోజు చుక్క పెట్టింది కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి చిన్న ఇత్తడి బాకా, వాయించే జాన్ బ్రుంగార్ట్. మరుసటి ఏడాది వైగెల్ ఆ చోటుని సూసాఫోన్ వాయించే గ్లెన్ జాన్సన్‌కి ఇచ్చారు. 1938లో ఒకసారి డ్రమ్ మేజర్ చుక్క దగ్గరికి కాస్త ముందే చేరిపోయాడు. పాట ఇంకా మిగిలే ఉంది. ఊరికే నిలబడలేక జాన్సన్ కాలు విసిరి, ఒక చుట్టు తిరిగి, వంగి దండం పెట్టాడు. అక్కడికక్కడ తోచిన ఆ పనే ఇవాళ్టికీ నడుస్తోంది! కమెడియన్ బాబ్ హోప్, ఫుట్‌బాల్ కోచ్ వుడీ హేస్ లాంటి బయటివాళ్లకు చుక్క పెట్టే గౌరవం దక్కడం చాలా అరుదు.

[దృశ్యం: ప్రాక్టీసు. చెమటతో తడిసిన టీషర్టులు.]

బ్యాండులో ఇంచుమించు 225 మంది ఉంటారు. మైదానంలోకి దిగేది 190 పైచిలుకు మంది. మిగిలినవాళ్లు సీజన్‌లో రెగ్యులర్ సభ్యులను ఛాలెంజ్ చేయొచ్చు. వాయించడంలోనూ నడకలోనూ గెలిస్తే ఆ చోటు వాళ్లదే. కాబట్టి సీనియర్లకూ టెన్షన్ తప్పదు. ఇంత పోటీలో నాలుగేళ్లు నిలబడ్డ సూసాఫోన్ సీనియర్లకే చుక్క వంతు వస్తుంది. నాకు ఈ బ్యాండులో అన్నిటికంటే నచ్చేది ఇదే.

[దృశ్యం: యూనిఫాంలో అమ్మాయిలు.]

చాలాకాలం ఇందులో మగపిల్లలే ఉండేవారు. చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదంటూ 1972లో 'టైటిల్ నైన్' చట్టం వచ్చింది. 1973 నుంచి అమ్మాయిలూ చేరారు.

అన్నీ గొప్పగా చెప్పుకునే విషయాలే కావు. బ్యాండులో లైంగికంగా ఇబ్బంది పెట్టే అలవాట్లు సంప్రదాయం పేరుతో సాగుతున్నాయని 2014లో యూనివర్సిటీ విచారణ తేల్చింది. డైరెక్టర్‌ను తొలగించింది. పాతది కదా అని అలాంటివాటిని కాపాడాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.

[దృశ్యం: మైదానం మీద నడుస్తున్న పెద్ద మనిషి ఆకారం.]

ఇక ఇది 2013 నాటి ప్రదర్శన. బ్యాండంతా కలిసి మైకేల్ జాక్సన్ ఆకారం కట్టి మూన్‌వాక్ చేయించారు! ఆ కాళ్లు కదలాలంటే ఎవరు ఎన్ని అడుగులు ఏ దిక్కుకి వేయాలో ముందే గీసుకోవాలి. ఆ చార్టుల్ని కాగితాల మీద కాకుండా ఐప్యాడ్‌లో చూసుకోవడం ఆ సమయంలోనే మొదలుపెట్టారు.

కొలంబస్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు ఒక మాట. మ్యాచ్‌కి వెళ్తే కింది వరస సీట్ల కోసం పోటీ పడకండి. అక్కణ్నుంచి అక్షరాలు కనపడవు. పైన ఎక్కడో దూరంగా కూర్చుంటేనే చుక్క దాకా అంతా స్పష్టంగా తెలుస్తుంది.