ఘోస్ట్ ఆర్కిడ్‌కి హీరో అన్నారే, ఆ మాత్ పచ్చి దొంగ!

దొంగ. ముందు ఆ మాట అనేసి మొదలుపెడతాను. ఘోస్ట్ ఆర్కిడ్ అని ఫ్లోరిడా, క్యూబాల్లో చెట్ల మీద పెరిగే పూల మొక్క ఒకటుంది. దాని మీద ఏ వీడియో తీసుకున్నా చివర్లో చీకట్లోంచి ఒక పెద్ద మాత్, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు, రెక్కలాడిస్తూ వస్తుంది, వెనక వయొలిన్, ఆపైన ఒక బరువైన గొంతు "ఈ పువ్వు కోసమే పుట్టిన పురుగు" అంటుంది. అదే జెయింట్ స్ఫింక్స్ మాత్. మరి ఆ పువ్వుకు అది చేసే సేవేంటి? కడుపు నిండా తేనె తాగి, పుప్పొడి అంటకుండా మూతి తుడుచుకుని వెళ్లిపోవడం!

పోయిన వీడియోలో ఈ సంగతి ఒక్క ముక్క అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "డార్విన్‌నే తప్పంటావా" అని. నేను డార్విన్‌ని ఏమీ అనలేదండీ బాబూ. ఆయన 1862లో మడగాస్కర్ ఆర్కిడ్ ఒకటి పట్టుకుని, దాని పువ్వు వెనక దాదాపు అడుగు పొడవు గొట్టం, తేనె చూస్తే అట్టడుగున, కాబట్టి అంత తొండం ఉన్న మాత్ ఎక్కడో ఉండి తీరాలన్నాడు. 1903లో అలాంటి మాత్‌కి పేరు కూడా పెట్టారు. సూపర్. కానీ అది మడగాస్కర్ సంగతి. దాన్ని తెచ్చి ఫ్లోరిడా పువ్వుకు అతికించింది ఎవరు? మనమే. గొట్టం పొడుగ్గా ఉంది, చుట్టుపక్కల తొండం పొడుగ్గా ఉన్న మాత్ ఒకటుంది, ఇంకేం, పెళ్లి చేసేశాం. వాళ్లిద్దరూ కలిసి కాపురం చేస్తున్నారా లేదా అని చాలా ఏళ్లు ఎవరూ తొంగి చూడలేదు.

చూశాక ఏమైంది? ఫ్లోరిడాలో కార్క్‌స్క్రూ అనే చిత్తడి అడవి ఉంది, అక్కడ ఒక సైప్రస్ చెట్టు మీద దాదాపు 15 మీటర్ల ఎత్తులో ఒక ఘోస్ట్ ఆర్కిడ్. అంత ఎత్తుకెక్కి కెమెరాలు కట్టారు. పీటర్ హూలిహాన్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి 2019లో పరిశోధన పేపర్ వేశారు. జెయింట్ స్ఫింక్స్ వచ్చింది, తాగింది, ఒంటి మీద పుప్పొడి లేదు. పుప్పొడి మూటలు మోస్తూ దొరికింది ఎవరంటే ఫిగ్ స్ఫింక్స్, దానికంటే తొండం పొట్టిగా ఉన్న మాత్. వయొలిన్ ఎవరూ వాయించని పురుగు!

ఇది ఎలా కుదురుతుందో కాస్త ఆగి చూడండి, నాకు పిచ్చెక్కించేది ఈ పాయింటే. ఆర్కిడ్ పుప్పొడి పొడిలా రాలదు, జిగురున్న చిన్న మూటలా ఉంటుంది, అదీ గొట్టం నోటి దగ్గర. తేనె మాత్రం పన్నెండు పదమూడు సెంటీమీటర్ల లోపల, అడుగున. తొండం కాస్త చాలకపోతే మాత్ ఏం చేయాలి? తల దూర్చాలి. దూర్చిందా, మూట అతుక్కుంటుంది, తర్వాతి పువ్వుకి చేరుతుంది. మరి గొట్టం కన్నా తొండమే పొడుగైతే తల దూర్చే అవసరమేముంది? దూరంగా గాల్లో నిలబడి స్ట్రా వేసుకుని తాగినట్టు తాగేస్తుంది. అంటే సరిగ్గా సరిపోవడం కాదు, కొంచెం సరిపోకపోవడమే ఆ పువ్వుకు కావాలి. పరిశోధకులు కాబట్టి వాళ్లు "కావచ్చు" అని మర్యాదగా రాశారు. నాకు ఆ మొహమాటం లేదు, దొంగ అంటే దొంగే.

అసలు ఈ మొక్కకు పువ్వు ఒక పక్క విషయం, నన్నడిగితే. డెండ్రోఫైలాక్స్ లిండెనై, లిండెన్ అనే సేకరణకర్త 1844లో క్యూబాలో దొరకబుచ్చుకున్నాడు కాబట్టి ఆ పేరు. దీనికి ఆకులు లేవు. చెట్టు బెరడుకు అతుక్కున్న వేళ్లే పచ్చగా ఉండి, ఎండలో ఆహారం తయారుచేసుకుంటాయి. చెట్టు మీద ఉంది కదా అని బదనిక అనకండి, బదనిక చెట్టు రసం పీలుస్తుంది, ఇది ఊరికే కూర్చుంటుంది. విత్తనం అంటే దుమ్ము రేణువు, లోపల తిండి ఉండదు, సెరటోబేసిడియం అనే రకం బూజు వచ్చి పెడితేనే మొలక. అందుకే పీక్కెళ్లినవాళ్ల ఇంట్లో ఇది సాధారణంగా బతకదు. 1994లో ఫ్లోరిడాలోనే ఫకాహాచీ అనే చిత్తడి అడవిలో దిండు గలేబుల నిండా ఆర్కిడ్లు కుక్కుకుని దొరికిపోయిన బ్యాచ్ గుర్తుందిగా. వాళ్లని కోర్టుకి లాగారు, మన మాత్‌కి మాత్రం వయొలిన్.

ఇప్పుడు నా థియరీ, తిట్టుకుంటే తిట్టుకోండి. ఒకే పువ్వు, ఒకే పురుగు అన్న ప్రేమకథ అందరికీ చాలా సౌకర్యంగా ఉంది. "పాపం ఆ మాత్ దొరక్క పువ్వు అంతరించిపోతోంది" అంటే తప్పు ఎవరిదీ కాదు, ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ పుప్పొడి మోసేది ఇంకొకటని తేలాక ఆ సాకు చెల్లదు. మరి లోటు ఎక్కడ? నీళ్ల దగ్గర! 1940ల్లో, 50ల్లో ఫకాహాచీలో ముసలి సైప్రస్‌లు నరికేశారు, ఆ చుట్టుపక్కల కాలువలు తవ్వి చిత్తడిని ఆరబెట్టారు. ఈ వేళ్లకు కింద నిలిచిన నీళ్లు, వాటి పైన తడిగాలి, చలిరాత్రుల్లో ఆ నీళ్లిచ్చే కాస్త వెచ్చదనం కావాలి. క్యూబాలో పొడిగా ఉన్న అడవుల్లో కూడా పెరుగుతుందిగా అని ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. అక్కడ ఫ్లోరిడాలా మంచు గడ్డకట్టే రాత్రులు రావండీ, అది వేరే లెక్క.

2022లో దీన్ని అమెరికా ఫెడరల్ చట్టం కింద అంతరించిపోతున్న జాతుల్లో చేర్చమని అర్జీ పెట్టారు. దాని గురించి వచ్చిన వీడియోల్లో కాలువల మాట ఎంతసేపుంది, మాత్ ఎంతసేపుంది, మీరే టైమ్ చూసుకుని కింద రాయండి. జెయింట్ స్ఫింక్స్ ఫ్యాన్స్ మాత్రం వాదనకు దిగేముందు కార్క్‌స్క్రూ కెమెరాకి చిక్కిన దాని ఫోటో ఒక్కసారి జూమ్ చేయండి. తొండం లోపల, తల బయట, తల మీద ఒక్క పుప్పొడి మూట చూపించండి నాకు.