దుంపా, పొడా? యూదుల ఇంట్లో చిరుతిండికి ఏ దీవెన చెప్పాలి

[తెర: ముసలావిడ చేతిలో చిప్స్ ముక్క, నోటి దగ్గర ఆగిపోయి ఉంది]

"మామీ, ఇది దుంపా, పొడా?"

నేను ఇజ్రాయెల్‌లో పనికి చేరిన కొత్తలో, నేను చూసుకునే అవ్వ అడిగిన ప్రశ్న ఇది. మామీ అంటే ఇక్కడ "బంగారం" అని పిలిచినట్టు. ఆవిడ్ని నేను సవ్తా అంటాను, అంటే అమ్మమ్మ. చిప్స్ తినడానికి ఇంత విచారణ ఏంట్రా దేవుడా అనుకున్నాను. ఇక్కడ కేర్‌గివర్ పని చేస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు, గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి. భక్తిగా ఉండే ఇంట్లో పని దొరికితే మీకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఈ వీడియో.

[తెర: హీబ్రూ మాట "బ్రఖా"]

యూదులు ఏదైనా తినే ముందు, తాగే ముందు చెప్పే చిన్న స్తుతిని బ్రఖా అంటారు. మొదలు అన్నిటికీ ఒకటే: "బారుఖ్ అతా హషెమ్, ఎలోకేను మెలెఖ్ హాఓలామ్". విశ్వానికి రాజువైన మా దేవా, నీకు స్తుతి అని అర్థం. నిజంగా చెప్పేటప్పుడు ఇక్కడ దేవుడి పేరు పలుకుతారు. ఊరికే మాట్లాడేటప్పుడు పలకరు, "హషెమ్" అంటారు, అంటే "ఆ పేరు" అని. అందుకే నేనూ అలాగే అన్నాను. మీరూ సవ్తా ముందు అలాగే అనండి, లేకపోతే ఉలిక్కిపడుతుంది.

తేడా అంతా తోకలో ఉంటుంది. రొట్టెకి "హామోత్సి", ద్రాక్షారసానికి "హగాఫెన్". ఈ రెండూ భోజనం బల్ల దగ్గరి సంగతి, పక్కన పెడదాం. చిరుతిండికి కావలసినవి నాలుగు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల పిండితో చేసిన బిస్కెట్లు, కేకుల్లాంటి వాటికి "మెజోనోత్". చెట్టు కాయలకి "హాఎత్జ్". నేలలో పండేవాటికి "హాఅదామా". ఇవేవీ కానివాటికి, అంటే నీళ్లు, పాలు, గుడ్డు, మాంసం, చాక్లెట్ వగైరాలకి "షెహకోల్", సమస్తం ఆయన మాటతో పుట్టింది అని.

[తెర: అరటి గెల]

ఇందులో కోనసీమ వాళ్లకి ఒక సులువుంది. అరటిపండు చెట్టు కాయా, కాదా? హాఅదామా! నాకు మొదట వింతగా అనిపించింది. తర్వాత మా పెరడు గుర్తొచ్చింది. గెల కోశాక బోదె నరికేస్తాం, పిలక నుంచి మళ్లీ కొత్తది వస్తుంది. ఏటేటా నిలిచి మళ్లీ కాపు కాసే మాను ఉంటేనే యూదుల లెక్కలో అది చెట్టు. అందుకే బాదం, జీడిపప్పు హాఎత్జ్, అరటి, అనాస, వేరుశనగ హాఅదామా. పక్కపక్కనే గిన్నెలో కూర్చున్నా పల్లీకి, జీడిపప్పుకి దీవెన వేరు.

[తెర: రెండు రకాల చిప్స్ పక్కపక్కన]

ఇప్పుడు సవ్తా ప్రశ్నకి వద్దాం. దుంపని పలచగా తరిగి నూనెలో వేయిస్తే, చూడగానే అది దుంప అని తెలుస్తుంది. నేలలో పండింది కాబట్టి హాఅదామా. పొడుగాటి డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి వస్తాయే, అవి దుంపని ఆరబెట్టి, పొడి చేసి, ముద్ద కలిపి, అచ్చులో ఒత్తినవి. దుంప ఆనవాలు పోయింది. అందుకని వాటికి షెహకోల్ అనేవాళ్లు ఎక్కువ. రెండిట్లోనూ ఉన్నది బంగాళాదుంపే! దేంతో చేశారన్నది ఒక్కటే చాలదు, చేశాక దాని రూపం మిగిలిందా లేదా అన్నది కూడా చూస్తారు. ఇది పట్టుకుంటే సగం ప్యాకెట్లు మీరే తేల్చేస్తారు.

పాప్‌కార్న్ చూడండి. గింజ విచ్చుకుంది గానీ గింజగానే ఉంది, హాఅదామా. బాంబా అని ఇక్కడి పిల్లల ప్రాణం ఒకటుంది, పల్లీ రుచి మొక్కజొన్న బుడగలు, 1960ల నుంచి అమ్ముతున్నారు. అందులో మొక్కజొన్న నలిగి, ఉబ్బి, పోలిక లేకుండా పోయింది. కొందరు రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, హాఅదామా అన్నా, ఎక్కువ ఇళ్లలో వినిపించేది షెహకోలే. దాని పక్కనే అమ్మే బిస్లీ గోధుమపిండిది, కాబట్టి మెజోనోత్. ఐదు ధాన్యాలకి ఈ రూపం లెక్క ఇలా వర్తించదు. పిండి అయినా వాటి గౌరవం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. తీపి మిఠాయిలో ముద్ద అతుక్కోవడానికి కాస్త గోధుమపిండి కలిపితే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోరు.

మరి చాక్లెట్? కోకో చెట్టుకి కాస్తుంది కదా, హాఎత్జ్ కావాలి కదా అని జెరూసలేం పండితుడు రబ్బీ ష్లోమో జల్మాన్ ఔఎర్బాఖ్ కూడా ఆలోచించాడు. లోకం మాత్రం షెహకోలే చెబుతోంది.

[తెర: క్రెంబో, బంగారు కాగితం విప్పుతూ]

ఇక తలనొప్పి ఇది. క్రెంబో. చలికాలంలో వచ్చే తిండి. కింద బిస్కెట్, పైన తీపి నురగ, దాని మీద చాక్లెట్ పూత. ఇక్కడ "ఇకర్, తఫెల్" అనే సూత్రం పనిచేస్తుంది, ముఖ్యమైనది ఏది, తోడుగా వచ్చింది ఏది అని. ముఖ్యమైనదానికి చెబితే తోడుదానికి వేరే చెప్పక్కర్లేదు. బిస్కెట్ ఊరికే పట్టుకోవడానికేనా, లేక దాని కోసం కూడా తింటున్నావా? కొందరు ఒక్క షెహకోల్ చాలంటారు, కొందరు రెండూ విడివిడిగా చెప్పమంటారు. మా సవ్తా రెండో గుంపు. బిస్కెట్ ఊడదీసి మెజోనోత్ చెప్పి కొరుకుతుంది, తర్వాత నురగ చేతికి తీసుకుని షెహకోల్ చెబుతుంది. ఈలోగా మీసాలదాకా నురగ.

ఒకే పళ్లెంలో నాలుగైదు రకాలుంటే వరస కూడా ఉంది: మెజోనోత్, హగాఫెన్, హాఎత్జ్, హాఅదామా, చివర్న షెహకోల్. ముందున్న "హ", "హా" వదిలేసి, హీబ్రూలో మొదటి అక్షరాలు కలిపి "మగా ఎష్" అని పిల్లలకి నేర్పుతారు.

[తెర: పాత పుస్తకాల అలమర]

ఇంత గొడవ ఎందుకు, అన్నిటికీ షెహకోల్ చెప్పేస్తే పోదా అని నేనూ అడిగాను. తల్మూద్ అంటే యూదుల పెద్దల ధర్మచర్చలున్న పాత గ్రంథం. అందులో బెరాఖోత్ అనే భాగం ఆరో అధ్యాయమంతా ఈ చర్చే. పొరపాటున దేనికైనా షెహకోల్ చెప్పేస్తే చెల్లుతుంది. చెట్టు పండుకి హాఅదామా చెప్పినా చెల్లుతుంది, చెట్టు నిలబడింది నేల మీదే కదా. నేల పంటకి హాఎత్జ్ చెబితే మాత్రం చెల్లదు. కానీ చెల్లుతుంది కదా అని ముందే ఆ దారి పట్టకూడదు, ముందు పెద్దల దగ్గరికి వెళ్లి నేర్చుకో అని అక్కడే ఉంది. నేర్చుకున్నాక కూడా తేలకపోతే అప్పుడు షెహకోల్.

అక్కడే నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటుంది. భూమి దేవుడిదని బైబిల్ 24వ కీర్తన అంటుంది. భూమిని మనుషులకి ఇచ్చాడని 115వ కీర్తన అంటుంది. ఏది నిజం? రెండూనట. బ్రఖా చెప్పకముందు ఆయనది, చెప్పాక మనది. అడగకుండా తింటే దేవుడి సొత్తు కాజేసినట్టే. మా సవ్తా చిప్ పట్టుకుని ఎందుకు ఆగిపోయిందో అది విన్నాకే నాకు అర్థమైంది.

ఒక జాగ్రత్త. బ్రఖా చెప్పాక, ముక్క మింగేదాకా మాట్లాడరు. ఆ క్షణంలో "సవ్తా, మందు వేసుకున్నావా" అని అడిగితే సమాధానం రాదు, కళ్లతోనే కసురుతుంది. చిటికెడు తిన్నా ముందు బ్రఖా తప్పదు. తిన్నాక చెప్పే బ్రఖా కూడా ఒకటుంది, దానికి మాత్రం ఆలివ్ కాయంత అయినా, ఎక్కువసేపు సాగదీయకుండా తిని ఉండాలి. టీవీ ముందు అరగంటకో చిప్ నమిలేవాళ్లకి ఆ రెండోది రాదు.

[తెర: జంతికల డబ్బా]

పోయినసారి సెలవుకి వెళ్లి వస్తూ ఊరి నుంచి జంతికలు తెచ్చాను. బియ్యప్పిండి, శనగపిండి, నువ్వులు, వాము. ఈ వీడియోకి మంచి ప్రశ్న దొరికిందని సంబరపడి డబ్బా ముందు పెట్టి, "సవ్తా, దీనికి ఏ బ్రఖా?" అన్నాను. ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పింది, మూత తీసి వాసన చూసింది, "చాలా బాగుంది" అంది. మూత పెట్టేసి నా చేతికిచ్చింది.

"కోషర్ ముద్ర ఏదీ, మామీ?"

[తెర: కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకి సరిపడింది]