జాబితా ఎవరు రాస్తారు?

అధ్యక్షులకు, పెద్దలకు, రాజనీతిశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

మన కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉంది. ఆనాడు రాష్ట్ర రాజకీయాలంటే చాలా వరకు కాంగ్రెస్ పార్టీ రాష్ట్ర శాఖ లోపల నడిచిన రాజకీయాలే. అందుకే, వామపక్షం వైపు కొంత మొగ్గిన మధ్యేమార్గ పార్టీకి రాష్ట్ర శాఖ ఎలా పనిచేస్తుందో చెప్పమన్నప్పుడు, ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీనే ఉదాహరణగా తీసుకున్నాను.

ముందుగా ఒక విశేషం. రాష్ట్రం రావడానికి ముప్పై ఐదేళ్ల ముందే, 1918లో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఒక్కటిగా ఉండగానే తెలుగువారికి పార్టీలో వేరే శాఖ వచ్చింది. 1920 నాగపూర్ సభ ఈ భాషా ప్రాతిపదికను దేశమంతటికీ వర్తింపజేసి, నాలుగు అణాల సభ్యత్వంతో గ్రామం నుంచి పైదాకా కమిటీలు ఉండాలని నిర్ణయించింది.

నేటి నిబంధనావళి చట్రం కూడా స్థూలంగా అదే. కింద ప్రాథమిక కమిటీలు, వాటిపైన బ్లాకు, జిల్లా, ప్రదేశ్ కమిటీలు, అన్నిటికీ పైన అఖిల భారత కమిటీ ఉంటాయి. వీటిలో బ్లాకు చాలా కీలకమైనది, ఎందుకంటే ప్రదేశ్ కమిటీకి ప్రతినిధి ఎన్నిక కావలసింది అక్కడి నుంచే. ఆ ప్రతినిధులు తమలో కొందరిని అఖిల భారత కమిటీకి పంపుతారు. పార్టీ జాతీయ అధ్యక్షుడిని ఎన్నుకునే ఓటు కూడా వారిదే. 2022 అక్టోబరులో మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వేసినది అలాంటి ప్రతినిధులే. పత్తికొండ వైపు నుంచి వెళ్లిన ప్రతినిధికీ, ఢిల్లీలోని మాజీ మంత్రికీ అక్కడ చెరొక ఓటే.

అంటే మొత్తం కట్టడం సభ్యుల జాబితా మీద నిలబడి ఉంది. మా నాన్నగారు కోడుమూరు ప్రాంతంలోని ఒక పల్లెలో సభ్యత్వాలు రాసేవారు. రసీదు పుస్తకం, మధ్యలో నీలం కార్బన్ కాగితం, చొక్కా జేబులో చిల్లర. ఎవరి పేరైనా రాశాక దాన్ని వారికే చదివి వినిపించి, ఇంటి పేరు, తండ్రి పేరు సరిపోయాయని వారు తలూపితే గానీ రసీదు చించేవారు కాదు. ఆ పని విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ జాబితాకు విలువ ఉన్న రోజుల్లో రాష్ట్ర శాఖలో నిజమైన పోటీ జరిగేది. 1951లో ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి, ఆచార్య ఎన్.జి. రంగాతో తలపడి గెలిచారు. ఆ గెలుపుకు పార్టీ మూల్యం కూడా చెల్లించింది: రంగా బయటికి వెళ్లి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికల్లో సంజీవరెడ్డే అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. అయినా ఆ పోటీ వృథా అని నేను అనను. ఓట్లతో నాయకుడిని ఎన్నుకునే శాఖలో తయారైన మనుషులు దేశానికీ పనికివచ్చారు. 1960లో సంజీవరెడ్డి, ఆయన తరువాత 1962లో మన పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య వరుసగా అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఇరుగుపొరుగు జిల్లాలకు, అందులోనూ కరవు సీమకు, దక్కిన గౌరవం ఇది.

1972 తరువాత ఇరవై ఏళ్లపాటు ఆ పార్టీలో సంస్థాగత ఎన్నికలు జరగలేదు. కింది నుంచి పైకి వెళ్లవలసిన జాబితా పైనుంచి కిందికి రావడం మొదలైంది. అధిష్ఠానం పరిశీలకులను పంపుతుంది, వారు ఒక్కొక్కరినీ పిలిచి అభిప్రాయం అడుగుతారు, పేరు ఢిల్లీ నుంచి వస్తుంది. దీనికే సీల్డు కవరు అని జనం పేరు పెట్టారు. 1978లో గెలిచిన కాంగ్రెస్ అయిదేళ్లు తిరగకుండానే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, మన జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులను చూపింది. 1983 జనవరిలో తొమ్మిది నెలల వయసున్న తెలుగుదేశం చేతిలో ఓడిపోయింది. ఆ నలుగురి సమర్థతను నేను ప్రశ్నించడం లేదు. వారిని మార్చే నిర్ణయంలో రాష్ట్ర శాఖ పాత్ర ఎంత అన్నదే నా ప్రశ్న. సంస్థాగత ఎన్నికలు మళ్లీ జరిగింది 1992లో, పి.వి. నరసింహారావు అధ్యక్షులుగా ఉండగా, తిరుపతి ప్లీనరీ వేళకు.

అభ్యర్థుల ఎంపికలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ప్రదేశ్ ఎన్నికల కమిటీ పేర్లు సూచిస్తుంది, స్క్రీనింగ్ కమిటీ వడపోస్తుంది, చివరిమాట ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల కమిటీది. ఆ తరువాత బి-ఫారం, అంటే తమ అభ్యర్థి ఫలానా వారేనని పార్టీ రాసి ఇచ్చే కాగితం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోగా అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. సంతకం సిరాతో చేసినదై ఉండాలి, రబ్బరు ముద్ర చెల్లదు. ఆ కాగితం కోసం ఆర్డీవో ఆఫీసు గేటు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడిన అభ్యర్థిని చూస్తే, రాష్ట్ర శాఖకు ఎంత అధికారం మిగిలిందో ఎవరూ వివరించనక్కరలేదు.

2014, 2019, 2024 ఎన్నికల్లో ఈ రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఒక్క శాసనసభ స్థానమైనా రాలేదు. రాష్ట్ర విభజన మీద జనానికి వచ్చిన కోపమే ప్రధాన కారణమని నేనూ ఒప్పుకుంటాను. కాని కోపంగా ఉన్న మనిషి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, నాలుగు మాటలు పడి, నాలుగు మాటలు చెప్పగలిగేది బ్లాకు కమిటీ మాత్రమే. నాయకులు పార్టీ మారినప్పుడు కమిటీలు కూడా వారి వెంట వెళ్లిపోయాయంటే, అవి అంతకుముందే పార్టీ కమిటీలుగా కాక మనుషుల కమిటీలుగా మారిపోయాయని అర్థం.

ఇప్పుడు సభ్యత్వం ఫోన్లో నమోదవుతోంది. మంచిదే. అయితే ఏ పార్టీ అయినా సరే, సంస్థాగత ఎన్నికలకు పదిహేను రోజుల ముందు బ్లాకువారీ సభ్యుల జాబితాను కార్యాలయం గోడకు అంటించి, అభ్యంతరాలు తీసుకోవాలని నా విన్నపం. ఓటర్ల జాబితాకు ఎన్నికల సంఘం చేస్తున్నది ఇలాంటిదే. మా నాన్నగారు ఆ పని రచ్చకట్ట దగ్గర చేసేవారు. సాయంత్రం పేర్లన్నీ పైకి చదివి, తప్పున్నవి దీపం వెలుగులో అక్కడికక్కడే దిద్దేవారు.