కొత్త ల్యాప్‌టాప్‌కి కొన్న రోజే ఫార్మాట్ ఎందుకు కొట్టాను? | విండోస్ 11 క్లీన్ ఇన్‌స్టాల్

నమస్కారమండి. నా చేతిలో ఉన్న ఈ 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒక కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా పంపారు. ముందే చెప్పేస్తున్నా. మా తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరాడని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. ఇంటికి తేగానే అందులోని విండోస్ మొత్తం తీసేసి, ఈ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ వేశాను.

కొత్తదానికి ఫార్మాట్ ఎందుకన్నా అంటారా? ఆన్ చేయగానే యాంటీవైరస్ ట్రయల్ ఎదురొచ్చింది. మూసేస్తే మళ్లీ వచ్చింది. దాని వెనక గేములు, షాపింగ్ యాప్‌లు. మన డబ్బు పెట్టి కొన్న వస్తువులో మనం అడగని సరుకు ఎందుకండీ? నాకు నిజంగా కోపం వస్తుంది. సెట్టింగ్స్‌లో రీసెట్ కొట్టినా, కంపెనీ వేసిన యాప్‌లు చాలావరకు మళ్లీ దిగుతాయి.

లైసెన్స్ పోతుందని టెన్షన్ పడకండి. విండోస్ 7 రోజుల్లో ల్యాప్‌టాప్ అడుగున కీ స్టిక్కర్ ఉండేది. వేడికీ రాపిడికీ అక్షరాలు చెరిగిపోయేవి. ఫార్మాట్ కొట్టించాలంటే టార్చి వేసి ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాళ్లం. 2012లో విండోస్ 8 వచ్చాక కీని మదర్‌బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్)లోనే పెడుతున్నారు. సెటప్ దాన్ని తనే చదువుకుంటుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోయింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ కూడా వచ్చుంటే మాత్రం, తుడిచేముందే దాన్ని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలిపేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. సెటప్‌లో విండోస్ ఎక్కడ వేయాలి అని అడిగే చోట లిస్టు ఖాళీగా కనిపించింది. డిస్కే లేదు! చాలామంది ఇక్కడే భయపడి షాపుకి పరిగెడతారు. మీ ఎస్‌ఎస్‌డీకి, అంటే ఆ డిస్క్‌కి, ఏమీ కాలేదండి. ఈమధ్య వచ్చే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ వీఎండీ అనే కంట్రోలర్ కింద ఉంటుంది. దాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, సెటప్‌లో లేకపోతే డిస్క్ కనిపించదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి వీఎండీకి కావాల్సిన ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దించుకోండి. ఫైలు విప్పి, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించండి. డిస్క్ వచ్చేస్తుంది. వైఫై డ్రైవర్ కూడా అక్కడే పెట్టుకోండి, లేదంటే తర్వాతి స్క్రీన్‌లో నెట్ లేక ఆగిపోతారు. పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఎక్కించే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ పని అయ్యాకే ఇవన్నీ కాపీ చేయాలి, ఎందుకంటే అది ముందు పెన్‌డ్రైవ్‌ని పూర్తిగా తుడిచేస్తుంది.

బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో, వీఎండీ ఆఫ్ చేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. నేను చెప్పను. మధ్యలో మనసు మారి పాత విండోస్‌కి వెళ్దామంటే అది బూట్ కాకపోవచ్చు. డిస్క్‌లోని డేటాకి తాళం (ఎన్‌క్రిప్షన్) వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా అడగొచ్చు.

ఫ్రెష్ విండోస్‌లో ఆ పాపప్‌ల గోల లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న ప్రతి ఒక్కరినీ, అందులో ఫైళ్లు చేరకముందే ఈ పని చేయమంటాను.

ఇక పెన్‌డ్రైవ్. పనైతే చేసింది కానీ బాగా వేడెక్కింది, టైప్-సీ వైపు వదులుగా ఉంది. విండోస్ వేయడానికి మైక్రోసాఫ్ట్ అడిగేది 8 జీబీనే. ఇంట్లో పాతది ఉంటే చాలు, ఇది కొనకండి.