లండన్ టవర్‌లో అత్తయ్యను ఆపేసిన రాజదండం

అందరికీ నమస్తే అండీ! మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట: "మన కోహినూర్ చూపించమ్మా." అది మా వైపు కృష్ణ ఒడ్డున, కొల్లూరు గనిలో దొరికిందేనని వింటూ పెరిగినవాళ్లం మరి. ఈ రోజు లండన్ టవర్‌కి తీసుకెళ్లాను. నగల గదిలో కెమెరా తీయనివ్వరు. అందుకే బయట థేమ్స్ ఒడ్డున తీసిన వీడియోకి, ఇంటికొచ్చాక నా గొంతు కలిపి చెబుతున్నాను.

కోహినూర్ చూసి అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. కానీ ఆవిడను కదలనివ్వనిది మాత్రం రాజదండం. అక్కడ కదిలే బెల్టు మీద నిలబడి చూడాలి. తనివి తీరక మూడుసార్లు తిరిగొచ్చాం.

రెండో చార్లెస్ పట్టాభిషేకానికి 1661లో చేయించిన బంగారు దండం అది. అంతకుముందు ఉన్న పాత కిరీటాలు, దండాలు ఏమయ్యాయంటే, 1649లో మొదటి చార్లెస్ తల నరికాక వాటిని కరిగించి నాణేలు ముద్రించేశారు. రాజును చంపితే సరిపోలేదు, ఆయన చేతిలో పట్టుకున్నది కూడా మిగలకూడదనుకున్నారు. పదకొండేళ్లకే మళ్లీ రాజు వచ్చాడు, అన్నీ మళ్లీ చేయించుకున్నారు.

దండం పైభాగంలో, తర్వాతి కాలంలో పొదిగిన నీటిబొట్టు లాంటి వజ్రం ఉంది. కలినన్ అంటారు. 530 క్యారెట్లు! మన కోహినూర్ ఇప్పుడు 105 చిల్లర. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల ముడిరాయిని కోయగా వచ్చిన పెద్ద ముక్క ఇది. 1907లో అక్కడి ట్రాన్స్‌వాల్ అనే ప్రాంతపు ప్రభుత్వం, బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్‌కి ఆ ముడిరాయిని కానుకగా ఇచ్చింది. ట్రాన్స్‌వాల్ బ్రిటన్‌తో యుద్ధంలో ఓడి అప్పటికి ఐదేళ్లే. కానుక అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది.

బయటికొచ్చి పులిహోర డబ్బా విప్పాక అత్తయ్య అడిగారు: "ఎలిజబెత్ రాణిగారు పోయినప్పుడు ఆ దండం ఆవిడతోపాటే పెట్టలేదా అమ్మా?"

లేదండీ. 2022 సెప్టెంబరు 19న విండ్సర్ చర్చిలో శవపేటిక మీద నుంచి కిరీటం, గోళం, రాజదండం ఒక్కొక్కటే తీసి పూజాపీఠం మీద పెట్టారు. ఆ తర్వాతే పేటికను కిందికి దించారు. డెబ్బై ఏళ్లు ఏలిన మనిషి, ఉత్త చేతులతోనే వెళ్లింది. ఆ రోజు టీవీలో చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

అత్తయ్య కాసేపు నది వైపు చూశారు. "మా అత్తగారు పోయే రెండు రోజుల ముందు, బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా ఇంట్లో బియ్యం కొలవాలన్నా ఆవిణ్ణే అడిగేదాన్ని" అన్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ సంగతి నేను వినడం ఇదే మొదటిసారి.

రైల్లో 2023 మే 6 నాటి పట్టాభిషేకం ఫోన్‌లో పెట్టాను. మూడో చార్లెస్ కుడిచేతిలో మేం చూసిన దండం, ఎడమచేతిలో చివర తెల్ల పావురం ఉన్న ఇంకో దండం. అది దయకు గుర్తట. అత్తయ్య అక్కడ ఆపమన్నారు. కళ్లజోడు సర్దుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, మా స్టేషన్ వచ్చేదాకా ఆ పావురాన్నే చూస్తూ కూర్చున్నారు.