దిబ్బల పక్కన ఇళ్ల స్థలాలు

శ్రోతలకు నమస్కారం.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడనివాళ్లు మనలో తక్కువే. పెళ్లి ఫొటోలకు, షూటింగులకు అందరూ అక్కడికే పరిగెత్తుతారు. ఈసారి వెళ్తే కింద రాలిన మట్టి ఒక్క చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూడండి. మట్టి అని పేరే గానీ అది ఇసుక. ఒక్కో రేణువుకీ ఇనుప తుప్పు పట్టి ఉంటుంది, ఆ ఎరుపంతా దానిదే. చెయ్యి కడుక్కున్నా గోటి సందున కాసేపు నిలిచిపోతుంది.

వేల ఏళ్ల కిందట సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, బయటపడ్డ ఒడ్డు మీది ఇసుకను గాలి ఇటు మోసుకొచ్చింది. కొండల మీంచి వాగులు మరికొంత తెచ్చాయి. తమిళనాడులో, శ్రీలంకలో ఇలాంటివి ఉన్నాయి గానీ చాలా అరుదు. అందుకే 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

ఇంత గౌరవం దక్కిన చోటికి ఆనుకుని, ఆ జాబితాలో చేరడానికి ఏడాది ముందు, 2024 జులైలో ఇళ్ల స్థలాల కోసం యంత్రాలతో నేల చదును చేశారు. జనం గొడవ పెడితే పని ఆగింది. అప్పుడు చాలామంది అన్న మాట ఒకటే: "అది హద్దుకు బయటే కదా!"

కాగితం మీద బయటే కావచ్చు. వాన కురిసిన రోజు అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. దిబ్బల ఎగువన జీడిమామిడి తోటలో పడిన నీరు పడినట్టే ఇసుకలోకి దిగిపోతుంది. అలా దిగిన నీరే మెల్లగా ఊరి, పక్కనున్న గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, చేరుతుంది. ఆ తోట నరికి, చదును చేసి, సిమెంటు రోడ్డు వేశామనుకోండి. ఇంకాల్సిన నీళ్లన్నీ కాలవ కట్టి ఒక్కచోట దిబ్బ మీదికి దూకుతాయి. రాయి కాదు కదా, పొడి ఇసుక. ఎక్కడో పైన వేసిన లేఅవుటు కింద గోడను కోసేస్తుంది. ఒకసారి కూలిన దిబ్బను మళ్లీ నిలబెట్టే ఇంజనీరు ఎవరూ లేరు.

ఇల్లు లేని బాధ నాకు తెలియనిది కాదు. అద్దె ఇళ్లు మారుతూనే పిల్లల్ని పెంచాను. ఉద్యోగులకు, పేదలకు ఇళ్లు కావాలి, కట్టాలి కూడా. కానీ మధురవాడ దాటి ఆనందపురం వైపు ఒకసారి చూడండి. ఎప్పుడో కొన్న ప్లాట్లలో హద్దురాళ్ల చుట్టూ తుప్పలు మొలిచాయి. వాటిలో ఎవరూ కాపురం ఉండటం లేదు, రేటు పెరిగితే అమ్ముకోవడానికి ఎదురుచూస్తున్నారు. అవన్నీ అలా ఉండగా దిబ్బల మీదికే ఎందుకు పోవాలి?

దిబ్బలకే కాదు, వాటిలోకి నీరు దిగే నేలంతటికీ మాస్టర్ ప్లాన్‌లో రక్షణ రాయాలి. అక్కడ స్థలాలు పొందినవాళ్లకు వేరేచోట ఇవ్వాలి. మీరు కూడా, ఆ చుట్టుపక్కల ఎవరైనా ప్లాటు చూపిస్తే, కాగితాలు అడిగే ముందు మంచి వానలో ఒకసారి అక్కడికి వెళ్లండి. నీళ్లు ఎటు పోతున్నాయో మీ కళ్లతో మీరే చూడండి.

నమస్కారం.