పెర్క్ లెక్క: డ్రైక్లీనింగ్ దుకాణంలో రాయాల్సిన చిట్టా

అందరికీ నమస్కారం. అమెరికాలో డ్రైక్లీనింగ్ దుకాణం నడుపుతున్న, లేదా కొనబోతున్న మన తెలుగువారి కోసం ఈ వీడియో. మీ యంత్రంలో పెర్క్ వాడుతున్నారా? పెర్క్ అంటే పెర్‌క్లోరోఎథిలీన్, నీటికి బదులు బట్టలు శుభ్రం చేసే ద్రావకం. అయితే చివరిదాకా చూడండి. హైడ్రోకార్బన్ యంత్రాలవారికీ, నీటితోనే శుభ్రం చేసేవారికీ ఇందులో చాలా భాగం అక్కర్లేదు. కాలిఫోర్నియావారికి అసలు అక్కర్లేదు, అక్కడ 2023 జనవరి 1 నుంచి పెర్క్ యంత్రాలు నడపకూడదు.

తెరమీద కనిపిస్తున్నది సమాఖ్య నియమం. 40 సీఎఫ్ఆర్, అంటే అమెరికా సమాఖ్య నిబంధనల సంపుటి, 63వ భాగం, సబ్‌పార్ట్ ఎం. 1993లో వచ్చింది, 2006లో మరింత బిగించారు. చాలా పొడుగ్గా ఉంటుంది, కిందికి జరుపుతున్నాను, జరుపుతున్నాను... ఆ, ఇక్కడ ఆగుదాం. మీ రాష్ట్రం ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు, అది విడిగా చూసుకోండి.

ముందు తేలికైనవి, గబగబా చెప్పేస్తాను. బట్టలు వేసేటప్పుడు, తీసేటప్పుడు తప్ప యంత్రం తలుపు మూసే ఉండాలి. పెర్క్ ఉన్న డబ్బాలు, పెర్క్ కలిసిన వ్యర్థాల డబ్బాలు బిగుతుగా మూసి ఉంచాలి. కార్ట్రిడ్జ్ ఫిల్టరు పారేసేముందు కనీసం 24 గంటలు దాని గూట్లోనే కారనివ్వాలి. కండెన్సరు, అంటే పెర్క్ ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే భాగం, సరిగ్గా పనిచేస్తోందా అని వారానికోసారి చూసి రాయాలి: ప్రెజర్ గేజులుంటే ఒత్తిడి తయారీదారు చెప్పిన పరిధిలో ఉందా అని, గేజులు లేకపోతే దాన్నుంచి బయటికొచ్చే గాలి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే తక్కువ ఉందా అని. చూడటం ఒక్కటే కాదు, రాయాలి. సరే, ముందుకు.

ఇప్పుడు లీకులు. వారానికోసారి కంటితో, ముక్కుతో, చేత్తో చూడాలి. నెలకోసారి డిటెక్టరుతో, అంటే పెర్క్ ఆవిరిని పసిగట్టే పరికరంతో, చూడాలి. డిటెక్టరుతో చూసిన వారం విడిగా మళ్లీ చూడక్కర్లేదు, అదే సరిపోతుంది. రెండింటికీ యంత్రం నడుస్తూ ఉండాలి. ఆపేసిన యంత్రం చుట్టూ తిరిగితే అది తనిఖీ కాదు.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇది తలుపు గాస్కెట్, తలుపు అంచున సందు మూసే రబ్బరు పట్టీ. ఈ కింది అంచున బూడిదరంగు నూగు పేరుకుంది, కనిపిస్తోందా? తలుపు ఎంత బిగించినా ఆవిరి ఆ సందులోంచే వస్తుంది. డిటెక్టరు మొనను అంచు మీదే పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా చుట్టూ తిప్పండి. విన్నారా, ఆ టిక్ టిక్ ఎలా దగ్గరపడుతోందో? చాలామంది అరచేతంత దూరంలో పట్టుకుని ఊపేస్తారు. అలా అయితే ఏమీ పట్టుబడదు. డిటెక్టరు కొనేటప్పుడు 25 పీపీఎం దగ్గర, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్ల పెర్క్ ఉన్నా, పసిగట్టగలదా అన్నది చూసుకోండి, నియమం అడిగేది అదే. నాకు దీపం వెలిగే రకం కంటే శబ్దం చేసే రకమే ఇష్టం, కళ్లు యంత్రం మీదే ఉంచవచ్చు.

తలుపు అయింది. గొట్టాల అతుకులు, పంపులు, ట్యాంకులు, పెర్క్ నుంచి నీటిని వేరుచేసే సెపరేటరు, మురికి పెర్క్‌ను మరిగించి శుద్ధి చేసే స్టిల్లు, ఫిల్టరు గూళ్లు, అన్నీ ఇలాగే. లీకు దొరికితే 24 గంటల్లో బాగుచేయాలి. విడిభాగం కావాలంటే రెండు పనిదినాల్లో ఆర్డరు పెట్టాలి, చేతికొచ్చాక అయిదు పనిదినాల్లో బిగించాలి. ఆ తేదీలన్నీ చిట్టాలోకి. లీకు లేకపోయినా తేదీ వేసి 'లీకు లేదు' అని రాయండి. ఖాళీ గడి చూసి మీరు తనిఖీ చేశారని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు అసలు విషయం, ఏడాది లెక్క. ఇక్కడే అందరూ తడబడతారు, అందుకే నిదానంగా వెళ్తాను.

మొదటి మాట: లెక్కించేది ఎంత వాడారన్నది కాదు, ఎంత కొన్నారన్నది. రసీదుల ప్రకారం. ఏ నెలైనా కొనకపోతే ఆ నెల ఎదురుగా సున్నా వేయాలి. ఖాళీ వద్దు, సున్నా.

రెండో మాట: ప్రతి నెలా ఒకటో తేదీన వెనకటి 12 నెలల కొనుగోళ్లు కలపాలి. వెనకటి 12 నెలలు. జనవరి నుంచి డిసెంబరు కాదు. జనవరి వచ్చిందని సున్నా నుంచి మొదలుపెట్టకూడదు.

స్ప్రెడ్‌షీట్ చూడండి. ఈ నిలువు వరుసలో నెలలు, పక్కన గ్యాలన్లు. ఉదాహరణకు 2024 మార్చిలో 30, జూన్‌లో 30, సెప్టెంబరులో 30, డిసెంబరులో 30. మిగతావి సున్నాలు. 2025 మార్చి 1న వెనకటి 12 నెలలు కలిపితే 120. బాగుంది. మార్చిలో ఒకేసారి 55 గ్యాలన్లు కొన్నారనుకుందాం. ఏప్రిల్ 1న ఏమవుతుంది? పాత మార్చి 30 పోయింది, కొత్త మార్చి 55 వచ్చింది. 120 లోంచి 30 తీసి 55 కలిపితే 145. క్యాలెండరు ఏడాది చూసుకునేవారికి 2025లో కనిపించేది 55 మాత్రమే, నిశ్చింతగా ఉంటారు. కానీ వారు 140 గీత దాటేశారు.

ఈ గీత దేనికి? నియమంలో వనరు, సోర్స్ అంటే పెర్క్ ఆవిరిని గాలిలోకి వదిలే దుకాణం. బట్టలు ఉతికిన యంత్రంలోనే ఆరబెట్టే దుకాణాలకు ఏడాదికి 140 గ్యాలన్ల లోపైతే చిన్న వనరు, 140 నుంచి 2,100 దాకా పెద్ద వనరు, 2,100 దాటితే మేజర్ సోర్స్. మీరు ఏ వర్గంలో ఉన్నారో చెప్పేది ఈ ఒక్క అంకె. ఫార్ములా ఇక్కడ ఒక్క గడిలో రాసి కిందికి లాగేస్తే చాలు... ఇదిగో, అయిపోయింది. రసీదును ఫోనుతో ఫోటో తీసి, ఫైలు పేరులో నెల, గ్యాలన్లు పెట్టేయండి, వెతుక్కోనక్కర్లేదు. రసీదులు, చిట్టా అయిదేళ్లు దాచాలి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆవిరిని రోజంతా పీల్చేది ఇన్‌స్పెక్టరు కాదు, ఆ తలుపు తీసి బట్టలు అందుకునే మనిషి. పెర్క్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని 2012లో పర్యావరణ రక్షణ సంస్థ, ఈపీఏ, తేల్చింది. పైగా అది నీటికంటే బరువు. నేలమీద ఒలికితే కిందికి, ఇంకా కిందికి దిగి భూగర్భ జలాల అడుగుకు చేరుతుంది. అక్కడినుంచి తీయడం ఏళ్ల పని, లక్షల డాలర్ల పని. సెపరేటరు నీటిని సింకులో పోయవద్దని అందుకే అంటాను.

దుకాణం కొనబోయేవారు ఇది వినండి. నివాసాలున్న భవనంలో పెర్క్ యంత్రాలకు 2020 డిసెంబరు 21తో గడువు ముగిసింది. 2024 డిసెంబరులో ఈపీఏ ఇంకో నియమం తెచ్చింది, డ్రైక్లీనింగ్‌లో పెర్క్‌ను పదేళ్లలో పూర్తిగా ఆపించేది. దాన్ని కోర్టులో సవాలు చేశారు, కాబట్టి సంతకానికి ముందు తాజా స్థితి ఈపీఏ వెబ్‌సైట్లో చూసుకోండి. పెర్క్ యంత్రానికి మంచి ధర పెట్టేముందు మరీ చూసుకోండి.

అమ్మేవారిని అయిదేళ్ల చిట్టా, రసీదులు అడగండి. చూపించలేకపోతే నేల, నీటి పరీక్షలు చేయించకుండా ముందుకు వెళ్లకండి. కాలుష్యం ఎప్పుడు జరిగినా, శుభ్రం చేయించే భారం ఇప్పటి యజమాని మీద కూడా పడవచ్చు. ఈ స్ప్రెడ్‌షీట్ లింకు వీడియో కింద ఉంది, కాపీ తీసుకుని ముందు పాత 12 నెలలు నింపండి.